రోడ్డు వైపు గోడ

మంగళవారం పొద్దున మా హైస్కూలు పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఆ కబురు వచ్చింది. "మన డ్రిల్లు సారు ఈ ఉదయం ప్రభువునందు నిద్రించారు. భూస్థాపన రేపు పదకొండింటికి నెల్లూరులో." చర్చి వాళ్ళు రాసే పద్ధతే అది, తప్పుపట్టడానికి ఏమీ లేదు. అయినా చదవగానే నాకు ఏడుపు కంటే ముందు చిరాకు వచ్చింది. నిద్రించడమేమిటి? ఆయన కూర్చుని ఉండగా చూసినవాళ్ళే మా ఊళ్ళో ఎవరూ లేరు.

తర్వాత తెలిసింది. తెల్లవారి నడకకు పోయి వచ్చి, వాకిట్లో ఒక చెప్పు విడిచి, రెండోది విడవబోతూ గోడకు చెయ్యి ఆనించారట. అంతే. డాక్టరు దాకా కూడా పోలేదు. ఆ రెండో చెప్పు సంగతి విన్నప్పటి నుంచి నాకు స్థిమితం లేదు.

ఆయన గురించి నాలుగు మాటలు రాసిమ్మని స్కూలు వాళ్ళు అడిగారు. నాలుగు రోజులుగా రాస్తున్నాను. కూర్చుంటాను, రెండు వాక్యాలు రాస్తాను, లేచి వాకిట్లోకి పోయి ఆకాశం చూసి వస్తాను. ఉద్యోగం నేర్పిన అలవాటు కొంత, సారు అంటించిన జబ్బు కొంత. అందుకని ఇది ఒక వరసలో ఉండకపోతే చదివేవాళ్ళు సర్దుకోవాలి.

మాది మైపాడు పక్కన సముద్రం ఒడ్డు ఊరు. సగం ఊరు వేటకు పోతుంది, మిగతా సగం వరి పండిస్తుంది, ఈ మధ్య రొయ్యలు పెంచుతుంది. హైస్కూలు సరిగ్గా ఊరికీ ఒడ్డుకూ మధ్యలో ఉంటుంది. సారు నెల్లూరు నుంచి రోజూ మొదటి బస్సుకు వచ్చేవారు. సీట్లన్నీ ఖాళీగా ఉన్నా డ్రైవరు పక్కన కడ్డీ పట్టుకుని నిలబడే వచ్చేవారు. స్టాఫ్ రూములో ఆయనకంటూ ఒక కుర్చీ ఉండేది. దాని మీద ఎప్పుడూ వాలీబాల్ నెట్టు మడిచి ఉండేది. టీ కూడా కిటికీ దగ్గర నిలబడి, గ్రౌండు వైపు చూస్తూ తాగేవారు. మెడలో విజిలు. దానికి కొన్న తాడు ఎప్పుడో తెగిపోతే వల అల్లే దారం కట్టుకున్నారు.

కోపం మాత్రం చెప్పనలవి కాదు. ఆటలో ఎవరన్నా బద్ధకిస్తే విజిలు తీసి నేలకేసి కొట్టేవారు. మరుక్షణం వంగి తీసుకుని, ఇసుక తుడిచి, మళ్ళీ నోట్లో పెట్టుకుని ఊదేవారు. మేము నవ్వాపుకోలేక చచ్చేవాళ్ళం. నవ్వినవాళ్ళకు గ్రౌండు చుట్టూ నాలుగు రౌండ్లు.

ఆయన నోట ఎక్కువగా వచ్చే మాట ఒకటే. "పోయి చూసినావా?" నెట్టు చినిగింది సార్ అన్నా, ఆస్పత్రికి నర్సమ్మ రాలేదంట సార్ అన్నా, వెంటనే అదే ప్రశ్న. "పోయి చూసినావా, ఎవరన్నా చెప్పినారా?" ఎవరో చెప్పారంటే ఆయన దృష్టిలో అది ఇంకా జరగనట్టే లెక్క.

శనివారం ఆఖరి రెండు పీరియడ్లూ మమ్మల్ని వీధుల్లోకి పంపేవారు. తరగతికో వీధి. కుళాయి వస్తోందా, వీధి దీపం వెలుగుతోందా, ముసలివాళ్ళకు చదివి పెట్టాల్సిన కాగితాలేమన్నా ఉన్నాయా, ఇవీ మా పాఠాలు. ఒకసారి మా తరగతి వాళ్ళం ఎండకు బద్ధకించి, బడి వెనక వేపచెట్టు కింద కాలక్షేపం చేసి వచ్చి, "మా వీధిలో అన్నీ బాగుండాయి సార్" అని చెప్పాం. ఆయన మమ్మల్నందరినీ వెంటబెట్టుకుని ఆ వీధికే నడిపించారు. చివరింటి అవ్వ కుళాయి పైపు విరిగి వారమైందట. రెండు వీధుల అవతల నుంచి నీళ్ళు మోసుకుంటోంది. సారు ఉపన్యాసం ఇస్తారనుకున్నాం. ఆయన అవ్వను అడిగి బిందెలు తెచ్చి మా చేతుల్లో పెట్టారు. పైపు బాగయ్యేదాకా తొమ్మిది రోజులు మోశాం. నా భుజం ఇప్పటికీ గుర్తు చేసుకుంటుంది.

ఇవన్నీ ఒక ఎత్తు, బోర్డు ఒక ఎత్తు.

బడి ప్రహరీకి రోడ్డు వైపున, అంటే ఒడ్డుకు పోయే దారి వైపున, సారు ఒక నల్ల బోర్డు కట్టించారు. సిమెంటు బోర్డే. మా ఊరి పడవలు ఎక్కువగా పొద్దుగూకే ముందు పోయి, వలేసి, తెల్లారేసరికి తిరిగి వస్తాయి. కాబట్టి రోజూ నాలుగింటికి, బడి విడిచే ముందు, పిల్లలు ఆ బోర్డు మీద సముద్రం సంగతి రాయాలి. రేడియోలో ఏం చెప్పారో, పోర్టులో ఎన్నో నంబరు హెచ్చరిక ఎగరేశారో, ఆ రెండూ. వాటితోపాటు ఇద్దరు పిల్లలు ఒడ్డుకు పోయి కళ్ళారా చూసి వచ్చింది కూడా. అప్పట్లో వేటకు పోయేవాళ్ళలో చదువొచ్చినవాళ్ళు తక్కువ. అందుకని సారు రాతతో పాటు బొమ్మ పెట్టారు. పడవ నీళ్ళ మీద ఉంటే పోవచ్చు. పడవ ఇసుక మీద ఉంటే వద్దు. అంతకంటే ఏమీ లేదు. మా నాయన తరం వాళ్ళు ఆ బొమ్మ చూడకుండా బడి దాటేవాళ్ళు కాదు.

ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి ఒకాయన ఆ బోర్డు చూసి, రోడ్డు మీద ఈ పిచ్చి బొమ్మలేమిటి, మంచి సూక్తులు రాయించండి అన్నారు. సారు చేతులు కట్టుకుని వినయంగానే చెప్పారు. "సూక్తులు లోపలి గోడల నిండా ఉండాయి సార్. ఇది రోడ్డు వైపు గోడ."

తొమ్మిదో తరగతిలో బోర్డు పని నాకిచ్చారు. నాకు బొమ్మలు బాగా వచ్చు. ఇది గొప్పకు చెప్పడం కాదు, ఆ వయసులో నాకున్న ఒకే ఒక గొప్ప అది. మిగతావాళ్ళు గీసే పడవలు అరటి దొప్పల్లాగా ఉండేవి. నా పడవకు చుక్కాని ఉండేది, అంచున వల కుప్పగా ఉండేది, తెడ్డు పట్టుకుని మనిషి నిలబడి ఉండేవాడు. జనం ఆగి చూసేవాళ్ళు. నేను గేటు లోపలి నుంచి వాళ్ళు చూడటాన్ని చూసేదాన్ని. ఒకరోజు బొమ్మ కింద మూలన చిన్నగా నా పేరు రాసుకుంటానని సారును అడిగాను.

"వద్దు," అన్నారు సారు.

"చిన్నగా సార్. ఎవరికీ కనపడదు."

"కనపడకపోతే ఎందుకే రాయడం? పేరు రాయొద్దు. బాగుంటే బడిది. బాగాలేకున్నా బడిదే. పో, చాక్‌పీసులు డబ్బాలో పెట్టు."

బోర్డు పైన గోడలో ఒక గూడు ఉంది. అందులో పాత పాలపిండి డబ్బా. చాక్‌పీసులు అందులోనే ఉండేవి. ఆ రోజు డబ్బా మూత గట్టిగా, ఆయనకు వినబడేలా వేశాను.

ఇక ఆ రోజు గురించి రాయాలి. ఇందాక లేచి వాకిట్లోకి పోయింది ఇది రాయలేకే.

మా కబడ్డీ జట్టును తీసుకుని సారు దొరవారిసత్రం పోయారు. రెండు రోజుల పోటీలు. పోతూ నాతో, "నేను రెండు రోజులు ఉండను. బోర్డు నీది" అన్నారు. ఆ సాయంత్రం నేను గీసిన పడవ నా జన్మలో గీసిన వాటన్నిటిలోకీ బాగా వచ్చింది. అలల మీద ముక్కు పైకెత్తి ఉంది. రెండు రంగుల చాక్‌పీసులు వాడాను.

మర్నాడు పొద్దున టీవీలో కింద అక్షరాలు పరిగెత్తాయి. వాయుగుండం వస్తోంది, తీర మండలాల్లో పాఠశాలలకు సెలవు. బయట చూస్తే ఎండ ఫెళ్ళున కాస్తోంది. మేము వీధిలో ఎగిరి గంతేశాం. మా అమ్మ, ముత్తుకూరులో ఉన్న పిన్ని ఇంటికి పోదామంటే పౌడరు రాసుకుని బయల్దేరాను. బోర్డు నాకు గుర్తు రాలేదు. గుర్తు వచ్చి బద్ధకించి ఉంటే కొంత నయంగా ఉండేదేమో. అసలు గుర్తే రాలేదు. సెలవంటే బడి లేదు, బడి లేదంటే బోర్డు లేదు. ఏ హెచ్చరికను బోర్డు మీద రాయాలో, ఆ హెచ్చరికే బడికి తాళం వేసింది. ఇంత చిన్న సంగతి మా బడిలో ఎవరికీ తట్టలేదు. ఎందుకంటే అంతకుముందు సెలవు రోజుల్లో సారే వచ్చి రాసిపోయేవారు. అది మాకు తెలియదు.

సాయంత్రం పిన్ని వాళ్ళ మిద్దె మీద ఆరేసిన బట్టలు ఉన్నట్టుండి లేచాయి. చీర ఒకటి పిట్టగోడ దాటి పోతుంటే పట్టుకోవడానికి పరిగెత్తాను. చీర కొస చేతికి దొరికింది. అప్పుడు గుర్తొచ్చింది. బోర్డులో నా పడవ ఇంకా నీళ్ళ మీదే ఉంది.

బస్సులు ఆపేశారు. ఫోను చేద్దామంటే ఎవరికి చెయ్యాలో, ఏమని చెప్పాలో తెలియలేదు. చీర పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

మా ఊరి నుంచి ఆ సాయంత్రం రెండు పడవలు పోయాయి. తుపాను మాట వాళ్ళూ విన్నారట. ఎండ చూసి నవ్వుకున్నారట. బడి దగ్గర ఆగి బోర్డు చూశారట. గాలి లేవగానే ఒక పడవ వెనక్కి వచ్చేసింది. రెండోది ఒడ్డుకు దగ్గరగా అలల్లో తిరగబడింది. ముగ్గురున్నారు అందులో. ఇద్దరు ఈదుకుని వచ్చారు. మూడో ఆయన్ను పడవ అంచు ఇసుకకు అదిమేసింది. ప్రాణం దక్కింది. కుడి కాలు మళ్ళీ పడవ మీద నిలవలేదు. అప్పటికి ఆయనకు పాతికేళ్ళు కూడా లేవు. తెడ్డు పట్టడంలో మా ఊళ్ళో ఆయనకు సాటి లేదనేవాళ్ళు.

బడి తెరిచిన రోజు నేను అందరికంటే ముందు పోయాను. సారు అప్పటికే వచ్చి ఉన్నారు. నా పడవను తన చేతిరుమాలుతో తుడుస్తున్నారు.

"సార్, మొన్న నేను..." అన్నాను.

ఆయన వెనక్కి తిరగకుండానే, "సెలవిస్తే ఏం చెయ్యాలనో నీకు నేను చెప్పలేదు" అన్నారు. తుడవడం అయ్యాక, "ఇకమీదట ముందు బోర్డు, ఆ తర్వాత సెలవు" అన్నారు. డబ్బాలోంచి చాక్‌పీసు తీసి నా వైపు చాపారు. నేను చేతులు వెనక్కి దాచుకున్నాను. ఆయన ఇంకొంతసేపు చాపే ఉంచారు. తర్వాత తనే గీశారు. మా సారుకు రాని విద్య ఏదన్నా ఉందంటే అది బొమ్మలు గీయడం. ఆ పడవ అచ్చం చెప్పులాగా ఉంది. ఇసుక మీద ఒక చెప్పు.

ఆ తర్వాత చాలాకాలం మా బోర్డు మీద చెప్పులే ఉన్నాయి. నెలకోసారి, రెణ్నెల్లకోసారి, సారు నా వైపు చాక్‌పీసు చాపేవారు. నేను చేతులు దాచుకునేదాన్ని. "సరే, ఇంకోసారి" అనేవారు. అంతకు మించి ఒక్క మాట అడగలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నాలుగు రౌండ్లు కాదు, నలభై రౌండ్లు పరిగెత్తించి ఉన్నా బాగుండేది.

నేనిప్పుడు పక్క ఊరి సచివాలయంలో మత్స్యశాఖ సహాయకురాలిని. వేటకు పోయేవాళ్ళకు సముద్రం కబుర్లు చేరవేయడం నా పనిలో ముఖ్యమైన భాగం. అందరూ నీకు భలే సరిపోయే ఉద్యోగం వచ్చింది అంటారు. ఎందుకు ఎంచుకున్నానో వాళ్ళకు తెలియదు. కాలు దెబ్బతిన్న ఆయన ఇప్పుడు మా ఊరి నుంచి నెల్లూరుకు ఆటో నడుపుతున్నాడు. అందరికీ ఆటో అన్న. నేను రోజూ ఆఫీసుకు పోయేది ఆయన ఆటోలోనే. ఇన్నేళ్ళలో వాన గురించి, ధరల గురించి, వాళ్ళ పాప చదువు గురించి మాట్లాడుకున్నాం. దిగేటప్పుడు ఆయన కుడి కాలు నేల మీద ఎలా పెడతాడో చూడకుండా దిగడం నాకు అలవాటైపోయింది.

సారు రెండేళ్ళ కిందట రిటైరయ్యారు. ఆ రోజు సభలో కూడా కూర్చోలేదు. వేదిక మీద ఆయన కోసం వేసిన కుర్చీలో శాలువాలు, పూలదండలు పేర్చి పక్కన నిలబడ్డారు. అన్నీ అయ్యాక నన్ను గేటు బయటికి పిలిచారు. జేబులోంచి చాక్‌పీసు తీశారు.

"సార్, నాకు చెయ్యి తిరగదు సార్ ఇప్పుడు," అన్నాను.

"పోయి చూసినావా?" అన్నారు నవ్వుతూ.

నేను నవ్వలేదు. ఆయన చాక్‌పీసును డబ్బాలో వేసి, "సరే, ఇంకోసారి" అన్నారు. ఇంకోసారి ఉంటుందనే నేనూ అనుకున్నాను. మనిషి నెల్లూరులోనే ఉన్నారు, బస్సెక్కితే గంట లోపు. రెండేళ్ళలో రెండుసార్లు పోయాను. రెండుసార్లూ గేటు దగ్గరే నిలబడి మాట్లాడి వచ్చాను. చెప్పాల్సింది చెప్పలేదు. అంటే, ఆయనకు చెప్పాల్సింది ఏమీ లేదు, ఆయనకు తెలుసు. చెప్పాల్సింది ఇంకొకరికి. ఆ సంగతి ఆయన దగ్గర ఒప్పుకోవాలని ఉండేది.

బుధవారం భూస్థాపనకు ఆటో అన్న ఆటోలోనే పోయాను. ఆయన కూడా లోపలికి వచ్చాడు. చర్చి నిండిపోయింది. మా స్కూలుకు సంతాపంగా సెలవిచ్చారు. పిల్లలందరూ యూనిఫారాల్లో రెండు బస్సుల్లో వచ్చారు. పాత కబడ్డీ జట్టు వాళ్ళు పెట్టె మోశారు. సారు భార్య నా చెయ్యి పట్టుకుని, "ఈయన ఇట్టా కదలకుండా పడుకోనుంటే ఎవరో వేరే ఆయన్ని తెచ్చి పెట్టినట్టుండాదమ్మా" అంది. పాస్టరుగారు మన సోదరుడు విశ్రాంతిలో ప్రవేశించాడని చెప్తుంటే నేను తల తిప్పుకున్నాను. అటు చూశాను, ఇటు చూశాను. పిల్లల వరసలు చూశాను. ఆరు నుంచి పది దాకా అన్ని తరగతులూ ఉన్నాయి. ఒక్కరు కూడా తక్కువ లేరు.

అంటే బడి దగ్గర ఎవరూ లేరు.

పక్కనే ఉన్న తొమ్మిదో తరగతి అమ్మాయిని మెల్లిగా అడిగాను. "బోర్డు ఎవరు రాస్తారు ఇయ్యాల?"

ఆ పిల్ల నా వైపు వింతగా చూసింది. "సెలవు గదక్కా."

ఆ పొద్దున ఆరింటికే నేను మా ఊరి పడవల వాళ్ళతో సహా అందరికీ ఫోన్లో సందేశం పెట్టాను. అల్పపీడనం బలపడుతోంది, రేపు సాయంత్రం దాకా వేటకు పోవద్దు. నా పని నేను చేశాను. కానీ బయట మళ్ళీ అదే ఎండ. మంగళవారం ఏ హెచ్చరికా లేదు. కాబట్టి బోర్డు మీద పడవ నీళ్ళ మీద ఉంటుంది. ఈ పిల్లలదేం తప్పు? ముందు బోర్డు, తర్వాత సెలవు అని వాళ్ళకు చెప్పేవాళ్ళు రిటైరైపోయారు. ఇప్పుడు పెట్టెలో ఉన్నారు.

సమాధి దగ్గర పిడికెడు మట్టి వేశాను. ఆఖరి ప్రార్థన కాకముందే బయటికి నడిచాను. ఆటో అన్న నా వెనకే వచ్చాడు.

"ఏందమ్మా, ఉండవా?"

"బోర్డు రాయలేదన్నా ఇయ్యాల."

ఆయన వెంటనే ఆటో తీశాడు.

నెల్లూరు దాటి రొయ్యల గుంటల మధ్య రోడ్డెక్కాం. గుంటల్లో రొయ్యలకు గాలి అందించే చక్రాలు నీళ్ళు చిమ్ముతున్నాయి. నేను సీటు అంచున కూర్చున్నాను. రెండు కావస్తోంది. పడవలు నాలుగు దాటాక కదులుతాయి. టైముందిలే అని నాకు నేనే చెప్పుకుంటున్నాను. నోట్లో మాత్రం వేరే మాట ఉంది. ఆ మాటను ఇన్నేళ్ళు మింగాను. ఆ రోజు ఇక లోపల ఉండనంది.

"అన్నా, ఆ రోజు బోర్డు రాయాల్సింది నేను. సారు కాదు."

ఆటో వేగం తగ్గలేదు.

"సారు ఆస్పత్రికి వచ్చినాడు," అన్నాడాయన రోడ్డు మీదే చూపు పెట్టి. "నా మంచం పక్కన నిలబడినాడు. తప్పు నాదిరా, బోర్డు నాది అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. నోటికొచ్చినట్టు తిట్టినా. మా యమ్మ తిట్టింది, మా నాయన కొట్టబోయినాడు. నిలబడి ఇన్నాడే గానీ కదల్లా."

నాకు తెలియదు ఇదంతా. మా ఊళ్ళో ఎవరూ నాకు చెప్పలేదు.

"ఏడాది మాట్లాడలా సారుతో నేను. పొద్దున్నే బస్సు దిగి మా ఇంటి ముందరనే పొయ్యేవాడు. 'కాలెట్టుందిరా?' అని అడిగేవాడు. మొహం తిప్పుకునేవాణ్ణి. రోజూ అడిగేవాడు. రోజూ తిప్పుకునేవాణ్ణి. ఆ తర్వాత ఈ ఆటో లైసెన్సుకు నన్ను ఆఫీసులెంబడి తిప్పింది గూడా సారే." ఎదురొచ్చిన లారీకి దారిచ్చాడు. "అయితే ఆ మాటలన్నీ నీ బదులా పడినాడు?"

"అవునన్నా."

"నాకెందుకు చెప్పలా? దినామూ నా ఆటోలోనే గదా పోతావు."

"భయం."

"భయం," అని ఆయన కూడా అన్నాడు, ఆ మాట బరువెంతో చూస్తున్నట్టు. "తొమ్మిదో తరగతి ఉంటావా అప్పుడు?" అని అడిగాడు.

"తొమ్మిదే."

"మా పాప ఇప్పుడు తొమ్మిది," అన్నాడు. అద్దంలో ఆయన మొహం కనిపిస్తుందేమోనని నేను బయటికి చూస్తూ కూర్చున్నాను. నన్ను క్షమించాడో లేదో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు. మా ఇంటి మలుపు దగ్గర ఆపకుండా నేరుగా బడి దగ్గరకు పోనిచ్చాడు.

గోడ ముందు నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. భుజాల మీద వలలు. బోర్డు మీద నిన్నటి పిల్లలు గీసిన పడవ, నీళ్ళ మీద, నవ్వుతున్న మనిషితో సహా.

నన్ను చూసి వాళ్ళలో ఒకాయన గొంతు పెంచాడు. "ఏం మేడం, ఫోన్లోనేమో వద్దని పెట్టినావు. బోర్డులో పడవ నీళ్ళ మీద ఉండాది. ఎండేమో ఇట్టా ఉండాది. ఏది నమ్మాల మేము?"

"అది నిన్నటిదన్నా. ఇయ్యాల వద్దు. గాలి లేస్తుంది."

"అయితే అది తుడిచెయ్యండి మొదట," అన్నాడాయన విసుగ్గా. "దాన్ని చూసే గదా మేం వస్తిమి."

గేటుకు తాళం. డస్టరు లేదు. చున్నీ కొసతో తుడిచాను. గూట్లో చెయ్యి పెడితే డబ్బా తగిలింది. అదే పాలపిండి డబ్బా, మూత తుప్పు పట్టి ఉంది. లోపల చాక్‌పీసు ముక్కలు. ఒకటి తీసుకున్నాను. ముందు రాత రాశాను, అది తేలిక. వేటకు పోవద్దు. అక్షరాలు వంకరపోయాయి. తర్వాత ఒడ్డు గీత గీశాను. దాని మీద పడవ. ముక్కు, చుక్కాని, అంచున వల కుప్ప. అంత బాగా రాలేదు. చెప్పుకంటే కొంచెం నయం. మనిషిని గీయలేదు.

వలల వాళ్ళు చూసి, ఒకరిద్దరు గొణుక్కుని, వెనక్కి మళ్ళారు. ఆటో అన్న ఆటో దిగి, కుడి కాలు మెల్లిగా నేలకు ఆనించి, గోడ దాకా నడిచి వచ్చాడు. నా పక్కన నిలబడి ఆ బొమ్మను చాలాసేపు చూశాడు. ఆ రోజు తిరగబడిన పడవ ఆయనకు గుర్తొస్తోందేమో. నేను చాక్‌పీసు పట్టుకుని ఎదురుచూశాను, ఏదన్నా అంటాడేమోనని.

ఆయన వేలు పెట్టి అల గీతనూ పడవనూ చూపించాడు.

"ఇంకాస్త పైకి లాగమ్మా. అల అందుకునేట్టుంది."

అరచేత్తో తుడిచి, పైకి లాగి గీశాను.